హైదరాబాద్‌కు మొదటిసారి వస్తున్నారా? బయలుదేరే ముందు ఇవి చూసుకోండి

• టికెట్‌లో దిగే స్టేషన్ పేరు చదవండి. సికింద్రాబాద్, నాంపల్లి, కాచిగూడ మూడూ వేర్వేరు చోట్ల ఉన్నాయి. నేను కాచిగూడలో దిగాను, బాబాయేమో సికింద్రాబాద్‌లో నిలబడ్డాడు. ఆ గంటసేపు పడ్డ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. ఎక్కడ దిగుతున్నారో ఇంట్లోవాళ్లకు ముందే చెప్పండి.

• చుట్టాల అడ్రస్, ఫోన్ నంబరు కాగితం మీద కూడా రాసుకోండి. ఫోన్ ఛార్జింగ్ అయిపోతే అదే దిక్కు.

• ఆటో ఎక్కేముందే ఛార్జీ మాట్లాడుకోండి.

• మెట్రోలో మియాపూర్–ఎల్బీనగర్, నాగోల్–రాయదుర్గం లైన్లు అమీర్‌పేటలో కలుస్తాయి. రైలు మారాలంటే జనం వెంట పరుగెత్తకుండా ఒక పక్కన ఆగి బోర్డు చదవండి.

• సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు, మరో రోజు పెట్టుకోండి. గంట కొట్టే వేళకు అక్కడి గడియారం ముందుంటే, లోపలి నుంచి చిన్న బొమ్మ బయటికొచ్చి గంట మోగిస్తుంది. నేను రెండుసార్లు చూశాను, తనివి తీరలేదు.

• 1591లో కట్టిన చార్మినార్ దగ్గర రద్దీ ఎక్కువ. పర్సు ముందు జేబులో పెట్టుకోండి, పిల్లల చెయ్యి వదలకండి. దీపాలు వెలిగేదాకా మాత్రం ఉండండి.