మంచు తుపాను పట్టకముందే: చలికాలంలో హిమాలయాలకు వెళ్లేవారికి జాగ్రత్తలు

సంక్రాంతి సెలవులు వచ్చాయంటే హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం నుంచి మనాలీకో, గుల్‌మార్గ్‌కో, కేదార్‌కంఠ కొండ నడకకో బయలుదేరే కుటుంబాలు, స్నేహబృందాలు ఇప్పుడు మన చుట్టూ ఎన్నో కనిపిస్తున్నాయి. ఆ సెలవులు పడేది సరిగ్గా కాశ్మీరీలు చిల్లై కలాన్ అని పిలుచుకునే నలభై రోజుల గడ్డుచలి నడుమ. డిసెంబర్ 21న మొదలై జనవరి నెలాఖరు దాకా సాగే ఆ కాలంలో కొండల మీద పడిన మంచు తొందరగా కరగదు. మనకు మంచు అన్న ఒక్క మాటే పొగమంచుకూ, గడ్డి మీది తుషారానికీ, ఆకాశం నుంచి రాలే హిమానికీ, రోడ్డు మీద గాజులా గడ్డకట్టిన నీటికీ సరిపోతుంది. లంబసింగిలోనో ఆదిలాబాద్‌లోనో తెల్లవారుజామున వణికి, పది గంటలకల్లా ఎండ కాచుకున్న అనుభవంతో హిమాలయాల చలిని అంచనా వేసుకునేవారు పొరబడేది ఇక్కడే. అక్కడ మంచు తుపాను పట్టిందంటే పది గంటలకు ఎండ రాదు, ఒక్కోసారి మరుసటి రోజుకూ రాదు.

బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడిందంటే ఏం చేయాలో మన కోస్తా ప్రజలకు ఒకరు చెప్పనక్కర్లేదు. హిమాలయాల చలికాలపు తుపాన్లు మాత్రం పడమటి నుంచి వస్తాయి. మధ్యధరా, కాస్పియన్ సముద్రాల పరిసరాల్లో పుట్టిన అల్పపీడనాలు, ఎత్తులో వీచే బలమైన పడమటి గాలుల వెంట ఇరాన్, అఫ్గానిస్తాన్, పాకిస్తాన్ మీదుగా సాగివచ్చి, కాశ్మీర్, హిమాచల్, ఉత్తరాఖండ్ కొండలను ఢీకొని తమ తేమనంతా మంచుగా దించేస్తాయి. వాతావరణ శాఖవారు వీటిని పశ్చిమ అలజడులు, అంటే వెస్టర్న్ డిస్టర్బెన్సులు అంటారు. చలికాలంలో ఇవి నెలకు సగటున నాలుగు నుంచి ఆరు దాకా వస్తాయి. అన్నీ పెద్దవి కావు, కొన్ని మబ్బు పట్టించి వెళ్లిపోతాయి. అయినా ఆ లెక్కన చూస్తే వారం రోజుల ప్రయాణంలో కనీసం ఒకటి ఎదురుపడుతుందని అనుకునే బయలుదేరాలి తప్ప, మన అదృష్టం బాగుంటే రాదులే అనుకోకూడదు.

అందుకే నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన జాగ్రత్త టికెట్లు తీసుకునే రోజునే తీసుకోవలసినది. ప్రయాణం చివర రెండు రోజులు ఖాళీగా ఉంచుకోవాలి. కొండ దిగిన రోజునే సాయంత్రం విమానం ఎక్కేటట్టు ప్రణాళిక వేసుకున్నవారు, మంచు పడుతున్నా, డ్రైవరు వద్దంటున్నా, పోలీసులు ఆపుతున్నా, టికెట్ డబ్బు పోతుందన్న ఒక్క బెంగతో రోడ్డెక్కుతారు. ప్రమాదకరమైన నిర్ణయాలు చాలావరకు ఆ తొందరలోనే జరుగుతాయి. జమ్మూ–శ్రీనగర్ రహదారి మంచు వల్ల, కొండచరియల వల్ల మూతపడడం ప్రతి చలికాలంలోనూ ఉన్నదే. నిర్మల్, హైదరాబాద్, కర్నూలు, అనంతపురం మీదుగా సాగే మన 44వ నంబరు జాతీయ రహదారికి ఉత్తరపు కొస అదే, కానీ బనిహాల్, రాంబన్ దగ్గర దాని స్వభావమే వేరు.

బయలుదేరడానికి నాలుగైదు రోజుల ముందు నుంచి భారత వాతావరణ శాఖ జిల్లాలవారీగా ఇచ్చే హెచ్చరికలను రోజూ చూడాలి. ఆకుపచ్చ అంటే హెచ్చరిక లేదని, పసుపు అంటే గమనిస్తూ ఉండమని, నారింజ అంటే సిద్ధంగా ఉండమని, ఎరుపు అంటే వెంటనే చర్య తీసుకోమని అర్థం. ఇంటివద్ద ఉన్నవారికి నారింజ రంగు సిద్ధపాటుకు గుర్తే కావచ్చు గాని, పిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్లిన పర్యాటకులు మాత్రం నారింజ కనబడితే ఇక పైకి ఎక్కకూడదనే నియమం పెట్టుకోవడం మంచిది. సూచన ఏ ఊరికి చెప్పారో కూడా చూసుకోవాలి. మనాలీ ఊరు సుమారు 2,050 మీటర్ల ఎత్తున ఉంటే రోహ్‌తంగ్ కనుమ 3,978 మీటర్ల ఎత్తున ఉంది. ప్రతి వెయ్యి మీటర్లకు ఇంచుమించు ఆరున్నర డిగ్రీల చొప్పున చల్లబడుతుంది కాబట్టి, ఊళ్లో సన్నని చినుకులు పడుతున్న వేళ పైన మోకాలి లోతు మంచు పేరుకుంటూ ఉండవచ్చు.

ఆకాశం కూడా ముందుగానే చెబుతుంది. పల్చని తెల్లని మబ్బుతెర పడమటి నుంచి పాకి, సూర్యుడి చుట్టూనో చంద్రుడి చుట్టూనో వరదగుడి కట్టిందంటే, ఆ పై ఎత్తున మంచు పలుకులతో నిండిన మేఘం చేరిందని అర్థం. మన పెద్దలు వరదగుడిని చూసి వాన వస్తుందని చెప్పినది ఈ కారణంగానే, కొండల మీద అదే లక్షణం తరచు ఒకటి రెండు రోజుల్లో రాబోయే మంచుకు సూచన అవుతుంది. తుపానుకు ముందు రాత్రి మబ్బు దుప్పటిలా కప్పడం వల్ల చలి తగ్గినట్టు అనిపిస్తుంది, దాన్ని చూసి వాతావరణం బాగుపడిందని అనుకోకూడదు. అసలు చలి మంచు ఆగిపోయి ఆకాశం తేటపడిన తరువాతి రాత్రి విరుచుకుపడుతుంది. గాలి తోడైతే ఇంకా కష్టం. ఉష్ణోగ్రత మైనస్ 10 డిగ్రీలు ఉన్నచోట గంటకు 40 కిలోమీటర్ల గాలి వీస్తే బయట ఉన్న చర్మానికి అది మైనస్ 21 డిగ్రీల చలితో సమానం.

బట్టల విషయంలో ఒక్క మందపాటి కోటు కంటే మూడు పొరలు మేలు. ఒంటికి అంటి చెమటను బయటికి పంపే పొర, దానిపై ఉన్ని గాని ఫ్లీసు గాని, అన్నిటికీ పైన గాలినీ తడినీ అడ్డుకునే పొర ఉండాలి. మనకు అలవాటైన నూలు బనియన్లు, జీన్సు ప్యాంట్లు తడిస్తే ఆరవు, తడి బట్ట ఒంటి వేడిని వేగంగా లాగేస్తుంది. దారిలో అద్దెకిచ్చే రబ్బరు బూట్లు నీటిని ఆపుతాయే గాని చలిని ఆపవు కాబట్టి, లోపల పొడి ఉన్ని సాక్సులు తొడుక్కోవాలి, వేళ్లు కదలనంత బిగుతైన బూట్లు వేసుకోకూడదు. చేతి గ్లోవ్సు, సాక్సులు మనిషికి ఒక జత అదనంగా, తడవకుండా ప్లాస్టిక్ సంచిలో పెట్టుకోవాలి.

రోడ్డు విషయానికి వస్తే, మనాలీ వైపు నుంచి కొండ అవతలి లాహౌల్ లోయకు దారితీసే, 2020 అక్టోబర్‌లో ప్రారంభమైన 9.02 కిలోమీటర్ల అటల్ సొరంగం వల్ల ఒక కొత్త చిక్కు ఏర్పడింది. సొరంగం లోపల మంచు పడదు, ఉదయం ఎండలో అటువైపు సిస్సూ దాకా హాయిగా వెళ్లిపోవచ్చు. మధ్యాహ్నానికి మబ్బు కమ్మి మంచు మొదలైతే, తిరుగుదారిలో సొరంగం దాటాక ధుంధీ నుంచి సోలాంగ్ దాకా దిగే రోడ్డు నిమిషాల్లో జారుడుబల్ల అవుతుంది. 2024 డిసెంబర్ చివరి వారంలో ఆ ప్రాంతంలో వందలాది వాహనాలు, వేలాది పర్యాటకులు చిక్కుకుపోగా పోలీసులు రాత్రంతా శ్రమించి వారిని కిందికి చేర్చవలసి వచ్చింది. మబ్బు సూచన ఉన్న రోజున అటు వెళ్లనే వద్దు, వెళ్లినవారు మధ్యాహ్నం ఒంటిగంటకల్లా తిరుగుముఖం పట్టాలి. మైదానం నుంచి సొంత కారులోనో అద్దె కారులోనో వెళ్లి, మంచులో నడిపిన అలవాటు లేకుండా మీరే నడపడం కంటే స్థానిక డ్రైవరును పెట్టుకోవడం క్షేమం. నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే బండి ముందుకు కదలడానికి సాయపడుతుందే గాని, ఐసు మీద ఆగడానికి ఏమాత్రం సాయపడదని చాలామందికి తెలియదు. టైర్లకు గొలుసులు కట్టించి, తక్కువ గేరులో, బ్రేకు మీద కాలు గట్టిగా వేయకుండా దిగాలి. వంతెనల మీద, ఎండ తగలని మలుపుల్లో కంటికి తడి రోడ్డులా కనిపించేది చాలాసార్లు పల్చని ఐసు పొర. పెట్రోలు టాంకు సగానికి తగ్గకుండా చూసుకోవాలి.

ఇక బండి కదలకుండా చిక్కుకుపోయినప్పటి సంగతి. ఈ ఒక్క భాగాన్ని ఇంటిల్లిపాదీ చదవాలని కోరుకుంటున్నాను. 2022 జనవరి 7 రాత్రి పాకిస్తాన్‌లోని మర్రీ కొండ ఊరి దారిలో, మంచు చూడడానికి వచ్చిన వేలాది వాహనాలు తుపానులో ఇరుక్కుపోయాయి, తెల్లవారేసరికి పసిపిల్లలతో సహా 20 మందికి పైగా తమ కార్లలోనే చనిపోయి కనిపించారు. కొందరిని చలి చంపితే, మరికొందరిని వెచ్చదనం కోసం వేసి ఉంచిన ఇంజనే చంపింది. పేరుకుంటున్న మంచు బండి వెనుక పొగగొట్టాన్ని మూసేస్తే ఇంజను విడిచే కార్బన్ మోనాక్సైడ్ కారు లోపలికి చేరుతుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. తలనొప్పి, వికారం, మత్తులాంటి నిద్ర వస్తాయి, ఆ నిద్రను అలసట అనుకున్నవారు మళ్లీ లేవరు.

కాబట్టి హీటరు కోసం ఇంజను వేసే ముందు ప్రతిసారీ ఒకరు దిగి పొగగొట్టం చుట్టూ ఉన్న మంచును చేతితోనో చిన్న పారతోనో తొలగించాలి. గంటకు పది నిమిషాలకు మించి ఇంజను నడపకూడదు, నడిపినంతసేపూ గాలి కొట్టని వైపు అద్దం రెండు వేళ్ల మందాన దించి ఉంచాలి. అందరూ ఒకేసారి నిద్రపోకుండా వంతులు వేసుకోవాలి. ఎవరికైనా తలనొప్పి మొదలైతే ఇంజను ఆపి, తలుపులు తెరిచి, ముందు గాలి ఆడనివ్వాలి. ఆశ్రయం కళ్లెదుట కనిపిస్తే తప్ప బండి విడిచి నడుచుకుంటూ వెళ్లకూడదు, ఎందుకంటే ఈదరగాలితో మంచు కురిసేటప్పుడు పది అడుగుల దూరంలోని బండి కూడా కనబడదు. ఎర్ర చున్నీ లాంటి కొట్టొచ్చినట్టు కనిపించే గుడ్డను బండికి ఎత్తుగా కట్టాలి. మనిషికో దుప్పటి, టార్చిలైటు, నిండా చార్జి ఉన్న పవర్ బ్యాంకు, గడ్డకట్టకుండా కోటు లోపల పెట్టుకున్న నీళ్ల సీసా బండిలో ఉండి తీరాలి. తిండికి మన పండుగ పిండివంటలే చక్కగా పనికివస్తాయి. నువ్వుండలు, వేరుశనగ ఉండలు, అరిసెలు గడ్డకట్టవు, కొద్దిగా తిన్నా ఒంటికి శక్తినిస్తాయి.

అదే విషవాయువు గదిలోనూ పొంచి ఉంటుంది. తలుపులు, కిటికీలు బిగించుకుని బొగ్గుల కుంపటి పెట్టుకుని నిద్రపోయిన కుటుంబాలు ఉత్తరాదిన ప్రతి చలికాలమూ వార్తలకెక్కుతూనే ఉన్నాయి. అంగీఠీ అని అక్కడివారు పిలిచే ఆ కుంపటిని పడుకునే ముందు గది బయట పెట్టించాలి. స్నానాల గదిలో గ్యాసు గీజరు ఉంటే గాలి వచ్చిపోయే దారి ఉందో లేదో చూడకుండా పిల్లలను పంపవద్దు.

చలి దెబ్బ ఒంటికి ఎలా తగులుతుందో గుర్తించడం తోటివారి పని, ఎందుకంటే తగిలినవారికి ఆ ఎరుక ఉండదు. ఒంటి లోపలి వేడి 35 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గితే అది ప్రమాద స్థితి. మొదట ఆగని వణుకు, తరువాత బొత్తాం పెట్టుకోలేని తడబాటు, మాట ముద్దముద్దగా రావడం కనిపిస్తాయి, ఆపైన వణుకు తగ్గిపోతుంది. వణుకు ఆగిందంటే మనిషి తేరుకున్నట్టు కాదు, మరింత దిగజారినట్టు. తడి బట్టలు మార్చి, పొడి దుప్పట్లు చుట్టి, తెలివిలో ఉంటే వెచ్చని తీపి పానీయం పట్టించి, వెంటనే వైద్యం అందించాలి. మద్యం వెచ్చదనం ఇస్తుందన్నది భ్రమ, అది చర్మపు రక్తనాళాలను విప్పి లోపలి వేడిని బయటికి పారబోస్తుంది. వేళ్లు, ముక్కు, చెవులు తెల్లబడి మొద్దుబారితే వాటిని రుద్దవద్దు, మంచుతో అసలే రుద్దవద్దు, మంట దగ్గర కాచవద్దు. స్పర్శ తెలియని చర్మం కాలినా తెలియదు. ఇన్సులిన్ వాడే పెద్దవాళ్లు దాన్ని బ్యాగులో కాకుండా ఒంటికి దగ్గరగా ఉంచుకోవాలి, ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ పనిచేయదు. గుల్‌మార్గ్‌లో గండోలా అని పిలిచే తీగబండి రెండు దశలూ కలిపి మనిషిని 2,650 మీటర్ల నుంచి నిమిషాల్లో దాదాపు 4,000 మీటర్లకు చేరుస్తుంది కాబట్టి, గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవారు వైద్యుణ్ణి అడిగే వెళ్లాలి.

కొండ నడకకు వెళ్లే యువతీయువకులకు మరొక ప్రమాదం ఉంది. కొత్తగా పడిన మంచు పాత పొరతో అతుక్కోక ముందు, అంటే పెద్ద మంచు కురిసిన తరువాతి ఒకటి రెండు రోజుల్లో, మంచుచరియలు ఎక్కువగా విరుచుకుపడతాయి. 30 నుంచి 45 డిగ్రీల ఏటవాలు ఉన్న కొండపక్కలే వాటికి నెలవు. 2025 ఫిబ్రవరి 28న బదరీనాథ్ దగ్గరి మాణా వద్ద సరిహద్దు రోడ్ల సంస్థ శిబిరం మీద మంచుచరియ పడినప్పుడు 54 మంది కార్మికులు చిక్కుకోగా 46 మంది ప్రాణాలతో బయటపడ్డారు, 8 మంది చనిపోయారు. మంచు కింద కప్పబడినవారికి మొదటి పదిహేను నిమిషాలే ఆయువుపట్టు, ఆ తరువాత బతికే అవకాశం వేగంగా పడిపోతుంది. చండీగఢ్ కేంద్రంగా రక్షణ శాఖ పరిశోధకులు విడుదల చేసే మంచుచరియల హెచ్చరికను మీ బృంద నాయకుడు ఆ ఉదయం చూశాడో లేదో అడగడానికి మొహమాటపడవద్దు. కేదార్‌కంఠ శిఖరం 3,810 మీటర్లు, ఎక్కడం పూర్తికాకపోయినా ఏ వేళకు వెనుదిరగాలో ముందురోజు రాత్రే నిర్ణయించుకోవాలి.

చివరిగా ఫోన్ల సంగతి. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు జమ్మూ కాశ్మీర్‌లో, లద్దాఖ్‌లో పనిచేయవు కాబట్టి, బృందంలో కనీసం ఇద్దరికి వేర్వేరు కంపెనీల పోస్ట్‌పెయిడ్ కనెక్షన్ ఉండాలి. అనుమతి లేకుండా శాటిలైట్ ఫోను తీసుకువెళ్లడం మన దేశంలో నేరం. ఏ రోజు ఏ దారిన ఎక్కడికి వెళుతున్నారో, బండి నంబరు, డ్రైవరు ఫోను నంబరు, బస చేసే చోటు ఒక కాగితం మీద రాసి ఇంట్లో ఇచ్చి వెళ్లండి. అదే కాగితం మీద ఆ జిల్లా విపత్తు నిర్వహణ కేంద్రం ల్యాండ్‌లైన్ నంబరు కూడా రాయండి, ఎందుకంటే మీ అమ్మగారు హైదరాబాద్ నుంచి 112కు ఫోన్ చేస్తే అది తెలంగాణ కేంద్రానికే వెళుతుంది. మీరు కొండ మీద ఉన్నప్పుడు మాత్రం 112 అక్కడి పోలీసులకే చేరుతుంది. సాయంత్రం ఎన్ని గంటలకు ఫోన్ చేస్తారో, సిగ్నల్ దొరకకపోతే ఎంతసేపు ఆగి ఇంటివారు ఆ ల్యాండ్‌లైన్ నంబరుకు ఫోన్ చేయాలో కూడా మీరూ వారూ కలిసి అనుకుని, ఆ సమయాన్ని కాగితం పైన పెద్ద అక్షరాలతో రాయించండి.