కారులో ఇచ్చిన నావిగేషన్ దారి తప్పిస్తోందా? బెజవాడ, గుంటూరు రోడ్లకి ఇలా సెట్ చేసుకోండి

మొన్న ఇబ్రహీంపట్నం వైపు నుంచి వస్తున్నాం, గుంటూరు పోవాలి, మాటల్లో పడి కుమ్మరిపాలెం దగ్గర అలవాటుగా కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కేశాను. ఎక్కి అర నిమిషం కాలేదు, కారు స్క్రీన్‌లోంచి ఆవిడ రెండు వందల మీటర్లలో కుడికి తిరగమంది. కుడిపక్క చూస్తే రెయిలింగు, రెయిలింగు అవతల నిండుగా నీళ్ళు. వెనక సీట్లోంచి మా అమ్మ "కృష్ణలో దూకమంటుందేంట్రా అది?" అంది. పాపం ఆ మ్యాప్ తప్పేం లేదు, దాని లెక్కలో ఫ్లైఓవరే లేదు, మేం కింద పాత రోడ్డు మీద ఉన్నామనుకుని ప్రకాశం బ్యారేజి ఎక్కమంటోంది. ఆ ఫ్లైఓవర్ తెరిచింది 2020 అక్టోబర్‌లో, నా కారులో మ్యాప్ 2017 దగ్గరే ఆగిపోయింది.

నాది సెకండ్ హ్యాండ్ కారు, టాప్ మోడల్, నావిగేషన్ ఉందని కొంచెం ఎక్కువే పెట్టి కొన్నా. దాంతో ఏడాదిన్నర పడ్డ పాట్లలోంచి తేలింది ఒకటే: కారు స్క్రీన్ మంచిదే, అందులో మ్యాప్‌తోనే గొడవ, కాబట్టి స్క్రీన్ కారుది వాడుకుని మ్యాప్ ఫోన్‌ది వాడుకోవాలి. అది ఎలాగో, మీ కారులో అది కుదరకపోతే ఏం చేయాలో కింద రాస్తున్నా.

మొదట చేయాల్సింది: మీ కారులో అసలు ఏముందో చూడండి

టచ్ స్క్రీన్ ఉన్నంత మాత్రాన నావిగేషన్ ఉన్నట్టు కాదు. కొన్ని కార్లలో మ్యాప్ లోపలే ఉంటుంది, ఎక్కడో ఒక మూల ఎస్‌డీ కార్డు దూరే సందు కూడా ఉంటుంది. కొన్నిట్లో మ్యాప్ ఏమీ ఉండదు, ఫోన్ కలిపితే ఆండ్రాయిడ్ ఆటో గానీ యాపిల్ కార్‌ప్లే గానీ వస్తుంది, అంటే ఫోన్‌లో మ్యాప్, పాటలు కారు స్క్రీన్ మీద కనపడే ఏర్పాటు. కొన్నిట్లో రెండూ ఉంటాయి, ఓనరుకే తెలియదు. బండి ఆపి సెట్టింగ్స్‌లోకి వెళ్ళి సిస్టమ్ ఇన్ఫో అన్నచోట మ్యాప్ వెర్షన్, సంవత్సరం చూడండి.

సంవత్సరం కనపడకపోతే మన ఊరే పరీక్ష పెడుతుంది. బెంజ్ సర్కిల్ దగ్గర జూమ్ చేసి చూడండి, పక్కపక్కన రెండు ఫ్లైఓవర్లు కనపడాలి, మొదటిది 2020లో, రెండోది 2021లో వచ్చాయి. ఒక్కటీ లేదంటే మ్యాప్ అంతకంటే పాతది. చెన్నై హైవే మీద 16 బదులు 5 అని, హైదరాబాద్ రోడ్డు మీద 65 బదులు 9 అని ఉందంటే మరీ పురాణ కాలం నాటిది, ఎందుకంటే ఆ నంబర్లు మారింది 2010లో. (మా మామయ్యగారు ఇప్పటికీ ఐదో నంబర్ హైవే అనే అంటారు, అది వేరే సంగతి.)

రెండోది: తప్పు మ్యాప్‌దా, సిగ్నల్‌దా?

ఇది తేల్చుకోకుండా డబ్బులు తగలేసేవాళ్ళు చాలామంది. బాణం గుర్తు మీరున్న చోటే ఉండి, రోడ్డు మాత్రం లేకపోతే మ్యాప్ పాతదని అర్థం. బాణమే పక్క వీధిలోకి, కాలవలోకి జారిపోతుంటే జీపీఎస్ సిగ్నల్ సరిగ్గా అందట్లేదని. జీపీఎస్‌కి ఇంటర్నెట్‌తో పని లేదు, దాదాపు 20 వేల కిలోమీటర్ల పైనున్న శాటిలైట్ల నుంచి వచ్చే సిగ్నల్ అది, మన దాకా వచ్చేసరికి చాలా బలహీనంగా ఉంటుంది, మధ్యలో రేకు అడ్డం వచ్చినా గల్లంతే.

బయట షాపులో ఆండ్రాయిడ్ స్టీరియో పెట్టించుకున్నవాళ్ళు ముందు ఇదే అనుమానించండి. దాంతో పాటు అగ్గిపెట్టె అంత నల్ల డబ్బా ఒకటి వైరుతో వస్తుంది, అదే యాంటెన్నా. అద్దం దగ్గర డ్యాష్‌బోర్డు మీద ఆకాశం వైపు చూసేట్టు అంటించాలి, హడావిడిలో కుర్రాళ్ళు స్టీరియో వెనకాలే కుక్కేస్తుంటారు. ఆటోనగర్‌లో ఎవరైనా తెలిసిన ఎలక్ట్రీషియన్‌కి చూపిస్తే డ్యాష్‌బోర్డు ఊడదీసి పైకి పెట్టేస్తాడు, చిన్న పనే.

మూడోది: అప్‌డేట్ చేయించాలా వద్దా

ఫ్రీగా ఇస్తే చేయించండి, లేకపోతే వద్దు. నన్నడిగితే అంతే.

ఫ్రీగా ఉంటే పద్ధతి ఇది. కారు కంపెనీ సైట్‌లో మీ మోడల్, సంవత్సరం కొట్టి ఫైల్ దించుకోవాలి, ఖాళీ పెన్‌డ్రైవ్‌లో వాళ్ళు చెప్పిన ఫార్మాట్‌లోనే ఎక్కించాలి, కారుకి పెట్టి ఇంజిన్ ఆన్‌లో ఉంచి వదిలేయాలి. టైం పడుతుంది. మధ్యలో ఇంజిన్ ఆపినా పెన్‌డ్రైవ్ పీకినా స్క్రీన్ మొత్తం పడుకునే ప్రమాదముంది, అందుకని ఇంట్లో వాళ్ళకి ముందే చెప్పి పెట్టండి, కూరగాయలకి అప్పుడే బయల్దేరదీస్తారు. షెడ్డులో తలుపులేసుకుని మాత్రం చేయొద్దు, పొగ ప్రాణాంతకం, ఆరుబయట పెట్టుకోండి.

నాకైతే సర్వీస్ సెంటర్‌లో చెప్పిన రేటుకి ఫుల్ ట్యాంకు రెండుసార్లు కొట్టించొచ్చు. అంత పెడితే వచ్చే మ్యాప్ ఏ సంవత్సరానిదండీ అనడిగితే ఆ కుర్రాడు లోపలికెళ్ళి పావుగంట తర్వాత వచ్చి రెండేళ్ళ క్రితందని చెప్పాడు. దండం పెట్టి వచ్చేశా. సగం ధరకి కాపీ ఎస్‌డీ కార్డులు అమ్మేవాళ్ళ జోలికి కూడా పోకండి, చాలా కార్లలో కార్డు ఏ కారుదో ఆ కారుకే లాక్ అయి ఉంటుంది, కాపీ పెడితే తీసుకోదు.

నాలుగోది, అసలైనది: ఫోన్ మ్యాప్‌ని కారు స్క్రీన్ మీదకి తేవడం

ఆండ్రాయిడ్ ఆటో గానీ కార్‌ప్లే గానీ ఉంటే మీ సమస్య సగం తీరినట్టే. వైర్‌లెస్ ఉన్నా మొదటిసారి కేబుల్‌తోనే మొదలుపెట్టండి. బండి ఆపి ఉంచి ఫోన్ లాక్ తీసి కేబుల్ పెట్టండి, ఫోన్‌లో వచ్చే పర్మిషన్లన్నిటికీ ఓకే కొట్టండి, లొకేషన్ అడిగినప్పుడు విసుగొచ్చి వద్దన్నారంటే తర్వాత మ్యాప్ పనిచేయదు.

పెట్టినా ఏమీ రాకపోతే పదిలో ఎనిమిది సార్లు దొంగ కేబులే. ఛార్జింగ్ అవుతుంది కాబట్టి బాగానే ఉందనుకుంటాం, కానీ ఫుట్‌పాత్ మీద కొన్న చవక కేబుళ్ళలో కొన్నిట్లో డేటా వైర్లే ఉండవు, ఛార్జింగ్ ఒక్కటే. నేను ఇది తెలియక స్క్రీన్ పాడైందనుకుని మూడు వారాలు తిరిగా, చివరికి ఫోన్‌తో వచ్చిన ఒరిజినల్ కేబుల్ పెట్టగానే టక్కున వచ్చేసింది. యూఎస్‌బీ పోర్టులు రెండుంటే రెండోదాంట్లో కూడా పెట్టి చూడండి, ఒకటి ఛార్జింగ్‌కే ఉండొచ్చు.

స్క్రీన్‌కి ఆ సౌకర్యం లేదా? అయితే ఫోన్ హోల్డర్

ఒకప్పుడు అద్దానికి అంటించుకునే విడి నావిగేషన్ డబ్బాలు ఉండేవి, గార్మిన్‌వి, మ్యాప్‌మైఇండియావి. కారులో వచ్చేదాని కంటే వాడటం చాలా తేలిక, ఒక కారులోంచి ఇంకో కారులోకి మార్చుకోవచ్చు. ఇప్పుడు వాటికి పెట్టే డబ్బు దండగ, ఇంట్లో మూలన పడున్న పాత స్మార్ట్‌ఫోన్ అదే పని చేస్తుంది.

హోల్డర్ విషయంలో మన ఎండల్ని గుర్తుపెట్టుకోండి. అద్దానికి రబ్బరు కప్పుతో అంటించేవి మే నెలలో మధ్యాహ్నం పూట ధబ్ మని ఒళ్ళో పడతాయి, పడకపోయినా నేరుగా ఎండ తగిలి ఫోన్ వేడెక్కి వెలుతురు దానంతటదే తగ్గించేసుకుంటుంది, ఛార్జింగ్ ఆపేస్తుంది, ఒక్కోసారి మొత్తానికే పడుకుంటుంది. ఏసీ వెంట్‌కి తగిలించే హోల్డర్ తీసుకోండి, చల్లగాలి ఫోన్‌కి తగులుతుంది. రోడ్డు కనపడేదానికి అడ్డం రాకూడదు, ఎయిర్‌బ్యాగ్ మూత మీద ఉండకూడదు.

పోలీసులు పట్టుకుంటారా అని చాలామంది అడుగుతారు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 2020 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిన మార్పు ప్రకారం, బండి నడుపుతూ చేతిలో పట్టే ఫోన్లాంటివి దారి చూసుకోడానికి మాత్రమే వాడొచ్చు, అదీ డ్రైవింగ్ మీద ధ్యాస చెదరకుండా. కాబట్టి వెళ్ళాల్సిన ఊరు బయల్దేరే ముందే కొట్టేసుకోండి, మధ్యలో మార్చాలంటే పక్కన ఆపండి.

ఐదోది: ఫోన్‌లో ఈ సెట్టింగ్స్ సరిచేయండి

ఫోన్ మ్యాప్ అంటే దేవుడిచ్చిన దారి కాదు, దానికీ తిక్కలున్నాయి. గూగుల్ మ్యాప్స్‌లో పైన టూవీలర్ బొమ్మ, కారు బొమ్మ పక్కపక్కనే ఉంటాయి. నిన్న స్కూటర్ మీద వెళ్ళి ఈరోజు కారు తీస్తే అది ఇంకా టూవీలర్ మోడ్‌లోనే ఉండొచ్చు, వన్‌టౌన్‌లో ఇలా ఇరుక్కున్నానంటే అటు పోలేక ఇటు రాలేక పావుగంట రివర్స్ కొట్టా, చుట్టూ ఉన్నవాళ్ళంతా తలా ఒక సలహా ఇచ్చారు. రోజూ బయల్దేరే ముందు కారు బొమ్మ మీద ఉందో లేదో చూడండి.

తర్వాత రూట్ ఆప్షన్స్‌లో టోల్ రోడ్లు వద్దు అన్నచోట టిక్ ఉందేమో చూడండి. అది పడి ఉంటే గుంటూరు పోవడానికి కాజ టోల్‌గేట్ తప్పించాలని ఊళ్ళమ్మట, చేలమ్మట తిప్పుతుంది. ఫ్లైఓవర్ల విషయంలో మాత్రం ఇప్పుడు కొంచెం నయం, ఫ్లైఓవర్ ఎక్కాలో వద్దో ముందే చెప్పే పద్ధతి 2024లో మన దేశంలో తెచ్చారు. అయినా బెంజ్ సర్కిల్ దగ్గర బందరు రోడ్డులోకి తిరగాల్సిన పని ఉంటే స్క్రీన్ కోసం ఆగకుండా ముందు నుంచే సర్వీస్ రోడ్డు పట్టుకోండి, పైకెక్కేశాక చేసేదేం లేదు.

వాయిస్ తెలుగులో పెట్టుకోవచ్చు. మా ఇంట్లో పెద్దవాళ్ళకి అదే నచ్చింది, రామవరప్పాడుని కాస్త మనిషి పలికినట్టు పలుకుతుంది.

సిగ్నల్ పోయే చోట్లకి మ్యాప్ ముందే దించుకోవాలి. గూగుల్ మ్యాప్స్‌లో మీ ఫోటో మీద నొక్కితే ఆఫ్‌లైన్ మ్యాప్స్ అని వస్తుంది, అందులో కావాల్సినంత మేర చతురస్రం సాగదీసి డౌన్‌లోడ్ కొట్టడమే. ట్రాఫిక్ చూపించదు గానీ దారి చూపిస్తుంది. శ్రీశైలం పోయేవాళ్ళకి ఇది తప్పనిసరి, దోర్నాల దాటి నల్లమలలోకి దిగాక నెట్ ఉంటే ఉంటుంది లేకపోతే లేదు. రాత్రిపూట ఆ ఘాట్ రోడ్డు గేటు మూసేస్తారు, ఏ మ్యాప్‌నో నమ్ముకుని చీకటి పడ్డాక వెళితే తెల్లారేదాకా గేటు దగ్గర దోమలతో జాగారం.

ఆరోది: అడ్రస్‌లు

కారు మ్యాప్ అన్నిటికన్నా ఘోరంగా ఫెయిలయ్యేది ఇక్కడే. రాష్ట్రం, ఊరు, వీధి, ఇంటి నంబర్ అని వరసగా అడుగుతుంది, మనకి ఎవరి అడ్రస్ అలా ఉంటుందండీ? గుంటూరులో బ్రాడీపేట 4/14 అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు అని అక్కడ చిన్నపిల్లాడికి కూడా తెలుసు, స్క్రీన్ మీద కొడితే దానికి అయోమయం. ఇంగ్లీష్ స్పెల్లింగ్ ఇంకో గొడవ, ఒక అక్షరం అటూ ఇటూ అయితే అలాంటి ఊరే లేదంటుంది.

కాబట్టి వెళ్ళే ఇంటివాళ్ళని వాట్సాప్‌లో లొకేషన్ పంపమనండి. కరెంట్ లొకేషన్ పంపేటప్పుడు వాళ్ళు ఇంట్లోనే ఉన్నారో లేదో అడగండి, మా బాబాయ్ ఒకసారి ఆఫీసులో కూర్చుని "ఇదిగో ఇంటి లొకేషన్" అని పంపాడు, అందరం గృహప్రవేశానికి వాళ్ళ ఆఫీసుకెళ్ళాం. తరచూ వెళ్ళే చోట్లని పేరు పెట్టి సేవ్ చేసుకోండి. ఆఖరి అర కిలోమీటరు మాత్రం అద్దం దించి బడ్డీకొట్టు దగ్గర అడగండి, సిగ్గుపడకండి.

వానాకాలంలో మరీ అడగాలి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు మనందరం చూశాం, ఏ రోడ్డు మీద ఎంత లోతు నీళ్ళున్నాయో నీలం గీతకి తెలియదు. గట్టి వాన పడితే రైల్వే అండర్‌బ్రిడ్జిల్లోంచి దారి చూపిస్తే ఎదురొచ్చే ఆటో ఆయన్ని ఒకమాట అడిగి దిగండి.

అయితే కారులో ఉన్నదాన్ని పూర్తిగా వదిలేయాలా?

అక్కర్లేదు. ఫోన్ చచ్చినప్పుడు అదే దిక్కు. పైగా చాలా కార్లలో చక్రాలు ఎంత తిరిగాయో, బండి ఎటు తిరిగిందో కూడా లెక్కలోకి తీసుకుంటుంది, అందుకే చిట్టినగర్ సొరంగంలోకి వెళ్ళినా బాణం నడుస్తూనే ఉంటుంది, విడి ఫోన్‌లో అక్కడ కాస్త తడబడుతుంది. అది రోడ్డు తెలియక తప్పు చెప్తుంది గానీ తను ఎక్కడుందో మాత్రం బాగానే తెలుసు.

ఇంకొకటి, పాత కారు కొన్నా, మీది అమ్ముతున్నా, సెట్టింగ్స్‌లోకి వెళ్ళి పాత ఫోన్లు, పాత అడ్రస్‌లు, హోమ్ లొకేషన్ చెరిపేయండి, ఫ్యాక్టరీ రీసెట్ అనే ఆప్షన్ ఉంటే ఒక్క దెబ్బకి పోతాయి. నేను కొన్న కొత్తలో ఇది చేయలేదు. రాత్రి పూట ఏలూరు నుంచి వస్తూ నిద్రమత్తులో హోమ్ నొక్కా, రామవరప్పాడు రింగు వచ్చినా ఊళ్ళోకి తిప్పదు, వారధి కూడా దాటించేసింది, ఎటు తీసుకెళ్తోందా అని బండి పక్కకి ఆపి చూస్తే పాత ఓనరు గుంటూరాయన, బ్రాడీపేటకి ఇంకా నలభై నిమిషాలని చూపిస్తోంది.