పెర్ల్ సబ్‌రొటీన్‌కు అనుకోని ఆర్గ్యుమెంట్లు వస్తుంటే: సరిచేయబోయే ముందు జాగ్రత్తలు

నడుస్తున్న సీజీఐ స్క్రిప్టును (వెబ్ సర్వర్ నడిపే ప్రోగ్రామును) నేరుగా ముట్టుకోకుండా, దాని నకలు మీదే పని చేయాలి.

సబ్‌రొటీన్ (పేరుతో పిలిచే కోడ్ ముక్క) మొదటి వరుసలోనే, దానికి వచ్చిన ఆర్గ్యుమెంట్లు ఉండే @_ అనే జాబితాలో ఎన్ని విలువలున్నాయో, అవేమిటో సర్వర్ ఎర్రర్ లాగ్‌లోకి రాయించాలి. బ్రౌజర్‌కు ప్రింట్ చేస్తే హెడర్ కంటే ముందే అక్షరాలు వెళ్లి 500 ఎర్రర్ రావచ్చు, అసలు తప్పు దాని వెనక దాక్కుంటుంది. పాస్‌వర్డులు మాత్రం లాగ్‌కెక్కకూడదు.

నా లెక్కలో ముందుగా అనుమానించవలసింది ఫారం విలువలు తెచ్చే పారమ్ (param) మెథడ్‌ను. దాన్ని ఆర్గ్యుమెంట్ల నడుమ నేరుగా పిలిస్తే లిస్ట్ కాంటెక్స్ట్‌లో (ఎన్ని విలువలైనా ఇవ్వగల తీరులో) నడుస్తుంది కనుక, యూఆర్ఎల్‌లో ఒకే ఫీల్డు రెండుసార్లు వస్తే రెండు విలువలనూ, అసలు రాకపోతే ఖాళీ జాబితానూ ఇస్తుంది. అప్పుడు పేరు, వయసు, ఊరు అని మూడు పంపామనుకున్నచోట పేరు లేకపోతే వయసు వచ్చి పేరు స్థానంలో కూర్చుంటుంది. 2014లో బగ్‌జిల్లా అనే, సాఫ్ట్‌వేర్ లోపాలను నమోదుచేసే పెర్ల్ ప్రోగ్రాములో బయటపడిన భద్రతా లోపం ఈ కోవదే. అందుచేత ఆర్గ్యుమెంట్లలో పారమ్‌ను పిలిచిన ప్రతిచోటా దాని ముందు, ఒకే విలువ ఇమ్మని చెప్పే స్కేలార్ (scalar) అనే మాట ఉందో లేదో చూడాలి.

బ్రాకెట్లు లేకుండా & గుర్తుతో పిలిచిన చోట్లను కూడా వెతకాలి, ఎందుకంటే అక్కడ పిలిచినవారి @_ యథాతథంగా లోపలికి వచ్చేస్తుంది. బాణం గుర్తుతో (->) మెథడ్‌గా పిలిచిన చోట మొదటి ఆర్గ్యుమెంటు ఆబ్జెక్టో, క్లాసు పేరో అవుతుంది.