కలివికోడిని గుర్తించడం – 3వ పాఠం: అడుగుజాడ, అరుపు

కలివికోడి (ఇంగ్లీషులో జెర్డాన్స్ కోర్సర్) అనే అరుదైన పిట్ట ఎలాంటి చోట ఉంటుందో పోయిన పాఠంలో చూశాం. కడప జిల్లా లంకమల వైపు, ముళ్లపొదల నడుమ బోసినేల ఉండే చోటు. ఇప్పుడు పిట్ట కనబడకపోయినా జాడ పట్టడం నేర్చుకుందాం. ఈ విద్యలో ముఖ్యమైన భాగం ఇదే అంటాను. పగలు దాక్కుని రాత్రి తిరిగే పిట్ట కదా. 1900 తర్వాత 1986 జనవరిలో గానీ మళ్లీ దొరకలేదు. అప్పుడు కూడా దాన్ని పట్టింది ఐతన్న అనే స్థానికుడు, రాత్రిపూట టార్చిలైటు వెలుగులో.

పొదల మధ్య దారిలో మెత్తని మట్టిని పట్టీలా పరిచి సాయంత్రం చదును చేస్తారు. పొద్దున్నే, ఎండ ఏటవాలుగా పడుతుండగా చూడాలి. అప్పుడు వేలి అంచుల్లో నీడ నిలిచి ముద్ర తేటగా కనిపిస్తుంది. కలివికోడికి ముందు మూడు వేళ్లే, వెనక వేలు లేదు. కముజు, నెమలి లాంటివాటికి వెనక వేలు ఉంటుంది. అయితే గట్టి నేల మీద ఆ వేలు పడకపోవచ్చు. అందుకే ఒక్క ముద్రను నమ్మకండి, వరసగా నాలుగైదు అడుగులు చూడండి. పక్కన స్కేలు పెట్టి, నిట్టనిలువుగా పైనుంచి ఫొటో తీయండి.

అంతమాత్రాన కలివికోడే అనేయకండి! పసుపు తిత్తుల తీతువుకూ వెనక వేలు ఉండదు. ముద్ర అనుమానం వరకే పనికొస్తుంది.

ఇక అరుపు. పొద్దుగూకి బాగా చీకటి పడ్డాక కాసేపు వినిపిస్తుంది. ‘ట్విక్-టూ, ట్విక్-టూ’ అని రెండేసి ముక్కలుగా, గబగబా. నైట్‌జార్ (ఇదీ రాత్రి తిరిగే పిట్టే) అయితే ‘చక్-చక్-చక్’ అని ఒక్కో ముక్కే, చివరికొచ్చేసరికి జోరు పెంచుతుంది. తీతువుది అలికిడికి బెదిరి చేసే గోల. తేడా చెవికెక్కేదాకా రికార్డింగులు వినండి, ఇంట్లోనే. అడవిలో మాత్రం వాటిని ప్లే చేసి పిట్టను పిలవొద్దు. మిగిలినవే అతి కొద్ది. వాటిని కంగారు పెట్టే హక్కు మనకు లేదు. లంకమల అభయారణ్యంలోకి అటవీశాఖ అనుమతి లేకుండా అడుగు పెట్టొద్దు. జాడ దొరికితే వాళ్లకే చెప్పండి, చోటు నలుగురిలో పెట్టకండి.

అభ్యాసం: పిట్టలు వాలే ఏ చోటైనా మట్టి పరిచి, పొద్దున ముద్రలను వెనక వేలు ఉన్నవి, లేనివి అని విడదీయండి. వచ్చే పాఠంలో రొమ్ము మీది రెండు పట్టీలు, తెల్లని కనుబొమ గీత చూద్దాం.