కంపెనీ చట్టం స్వయంగా నేర్చుకుందాం – 6వ పాఠం: అమ్మేదీ కొనేదీ ఒకే ఇంటివారైతే

గత పాఠంలో డైరెక్టర్ల విధులను నిర్దేశించే 166వ సెక్షన్‌ను చదివాము. కంపెనీ ప్రయోజనానికీ తన సొంత ప్రయోజనానికీ పొంతన కుదరని పరిస్థితిలోకి డైరెక్టరు వెళ్లకూడదని దాని నాలుగో ఉపసెక్షన్ చెబుతుంది. ఆ మాటను ఆచరణలో అమలు చేసే యంత్రాంగం 2013 కంపెనీల చట్టంలోని 188వ సెక్షన్‌లో ఉంది. కంపెనీ తన డైరెక్టర్లతోనో వారికి దగ్గరివారితోనో, అంటే ‘సంబంధిత పక్షం’తో, చేసుకునే ఒప్పందాలకు ఎవరి ఆమోదం కావాలో చెప్పేది అదే. న్యాయవిద్యార్థులు చాలామంది ఈ సెక్షన్‌ను కంఠస్థం చేస్తారు గానీ, ఒక వ్యవహారాన్ని ముందు పెట్టి ఇది దీని పరిధిలోకి వస్తుందా అని అడిగితే తడబడతారు. చదవడం 188 దగ్గర మొదలుపెట్టడమే ఈ తడబాటుకు కారణమని నా అభిప్రాయం. మొదలుపెట్టవలసింది 2వ సెక్షన్‌లోని 76, 77 క్లాజుల దగ్గర. సంబంధిత పక్షం ఎవరో, బంధువు ఎవరో నిర్వచించేవి అవే.

ముందుగా మన హైదరాబాదులోనే జరిగిన ఒక ఘటనను గుర్తు చేసుకుందాము. 2008 డిసెంబరు 16న సత్యం కంప్యూటర్ సర్వీసెస్ బోర్డు, ఛైర్మన్ రామలింగరాజు కుటుంబానికి చెందిన మేటాస్ ఇన్‌ఫ్రాలో 51 శాతం వాటానూ, మేటాస్ ప్రాపర్టీస్‌ను పూర్తిగానూ సుమారు 160 కోట్ల డాలర్లకు కొనాలని తీర్మానించింది. ఆ రెండు కంపెనీలనూ నడుపుతున్నది ఆయన కుమారులు. వాటాదారుల ఆమోదం కోరలేదు. ఒక హార్వర్డ్ ఆచార్యుడు, ఒక మాజీ కేబినెట్ కార్యదర్శి స్వతంత్ర డైరెక్టర్లుగా (యాజమాన్యంతో సంబంధం లేని బయటి డైరెక్టర్లుగా) ఉన్న బోర్డు అది. అమెరికా మార్కెట్లో సత్యం డిపాజిటరీ రశీదుల (అక్కడ షేర్లకు బదులుగా చేతులు మారే పత్రాల) ధర సగానికి పైగా పడిపోవడంతో, గంటల వ్యవధిలోనే ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకోవలసి వచ్చింది. 2009 జనవరి 7 నాటి లేఖలో ఛైర్మనే అసలు సంగతి బయటపెట్టారు: ఖాతాల్లో చూపిన 5,361 కోట్ల రూపాయల నగదు, బ్యాంకు నిల్వలలో 5,040 కోట్లు లేనే లేవు, లేని ఆస్తుల స్థానంలో నిజమైన ఆస్తులను చేర్చడానికి చేసిన చివరి ప్రయత్నమే ఆ కొనుగోలు.

ఈ ఘటనను నేటి చట్టం కళ్లతో చూడడం నేర్చుకోవడమే నేటి పాఠం.

మొదటి ప్రశ్న: ఎదుటి వ్యక్తి చట్టం దృష్టిలో బంధువేనా? ఇక్కడ మన తెలుగిళ్ల వరసలు మనల్ని తప్పుదోవ పట్టిస్తాయి. 77వ క్లాజునూ, దాని కింద చేసిన నియమాన్నీ కలిపి చదివితే బంధువులుగా తేలేది వీరే: భార్య లేదా భర్త, హిందూ అవిభక్త కుటుంబ సభ్యులు, తండ్రి, తల్లి, కొడుకు, కోడలు, కూతురు, అల్లుడు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. సవతి తల్లిదండ్రులు, సవతి కొడుకు, సవతి తోబుట్టువులు కూడా ఇందులోకి వస్తారు. బావమరిది లేడు. మామగారు లేరు. వదిన కూడా లేదు. 1956 చట్టపు జాబితాలో తాతలు, మనవలు, అన్నదమ్ముల భార్యలు, అక్కచెల్లెళ్ల భర్తలు సహా 22 మంది ఉండేవారు; కొత్త చట్టం దానిని బాగా కుదించింది. పెళ్లిలో బావమరిదికి ఎంత పెద్దపీట వేసినా, అవిభక్త కుటుంబం లెక్క లేనప్పుడు ఈ క్లాజు ప్రకారం అతడు పరాయివాడే. ఈ జాబితాను ఒక కాగితం మీద వంశవృక్షంలా గీసుకోండి. ఎంతసేపు చదివినా పట్టుబడనిది ఒకసారి గీస్తే పట్టుబడుతుంది.

రెండో ప్రశ్న: ఎదుట ఉన్నది వ్యక్తి కాక సంస్థ అయితే, అది ఏ రకం సంస్థ? భాగస్వామ్య సంస్థ అయితే, డైరెక్టరు గానీ అతని బంధువు గానీ అందులో భాగస్వామిగా ఉంటే చాలు. ప్రైవేటు కంపెనీ అయితే, డైరెక్టరు లేదా అతని బంధువు అందులో సభ్యుడో డైరెక్టరో అయితే చాలు. పబ్లిక్ కంపెనీ దగ్గరకు వచ్చేసరికి వల కన్నాలు పెద్దవవుతాయి: మన డైరెక్టరు స్వయంగా అక్కడ కూడా డైరెక్టరై ఉండాలి, బంధువులతో కలిపి 2 శాతానికి మించి వాటా కూడా ఉండాలి. అంటే కొడుకు నిస్సందేహంగా బంధువే అయినా, కొడుకు నడిపే పబ్లిక్ కంపెనీ కేవలం ఆ కారణంగా ఈ ఉపక్లాజు కింద సంబంధిత పక్షం కాదు. మేటాస్ వంటి ప్రశ్న పరీక్షలో వస్తే, ‘కొడుకు కంపెనీ కాబట్టి 188 వర్తిస్తుంది’ అని ఒక్క ముక్కలో రాసేవారు జారిపడేది ఇక్కడే. బోర్డు ఎవరి సలహా ప్రకారం నడుచుకుంటుందో చూసే తరువాతి ఉపక్లాజులను పరిశీలించాలి. కంపెనీ స్టాక్ ఎక్స్ఛేంజీలో లిస్టయి ఉంటే, మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2015 లిస్టింగ్ నిబంధనలను తెరవాలి. అవి అకౌంటింగ్ ప్రమాణాల నిర్వచనాన్ని కూడా కలుపుకొంటాయి కనుక, దగ్గరి కుటుంబ సభ్యుడి నియంత్రణలో ఉన్న సంస్థ వాటికి చిక్కుతుంది. ఆ నిబంధనల ప్రకారం ఆడిట్ కమిటీలోని (ఖాతాలను పర్యవేక్షించే బోర్డు ఉపసంఘంలోని) స్వతంత్ర డైరెక్టర్లు ముందుగా ఆమోదించాలి. వ్యవహారం పెద్దదైతే వాటాదారుల ముందస్తు ఆమోదం కూడా కావాలి, సంబంధిత పక్షాలు దానికి అనుకూలంగా ఓటు వేయరాదు.

ఇవి తేలిన తరువాతే 188కి రావాలి. దానిని కూడా చివరి నుంచి చదవమని సలహా ఇస్తాను. మొదటి ఉపసెక్షన్ చివరి భాగంలో ఉన్న నాలుగో ప్రొవైజో (‘అయితే’ అంటూ షరతునో మినహాయింపునో చేర్చే వాక్యం), కంపెనీ మామూలు వ్యాపార క్రమంలో, ఆర్మ్స్ లెంగ్త్ పద్ధతిలో చేసుకున్న లావాదేవీని ఆ ఉపసెక్షన్ నుంచి మినహాయిస్తుంది. ఆర్మ్స్ లెంగ్త్ అంటే, సంబంధం ఉన్నా, సంబంధమే లేని ఇద్దరు బేరమాడుకున్నట్లుగా జరిగిన లావాదేవీ అని అర్థం. ఈ రెండు షరతులూ కలిసి ఉండాలి. ధర న్యాయంగా ఉన్నంత మాత్రాన చాలదు. సాఫ్ట్‌వేర్ కంపెనీకి స్థిరాస్తి కంపెనీని కొనడం మామూలు వ్యాపార క్రమం అవుతుందా అన్నది మీరే ఆలోచించండి.

ఇప్పుడు ఒక కల్పిత సమస్యను కలిసి సాధిద్దాము. మిర్చి ఎగుమతి చేసే ఒక పబ్లిక్ కంపెనీ, లిస్టు కానిది, గుంటూరులో ఒక కోల్డ్ స్టోరేజీని లీజుకు తీసుకోబోతోంది. దాని యజమాని ఒక భాగస్వామ్య సంస్థ. డైరెక్టరు కోడలు అందులో భాగస్వామి. కోడలు బంధువు, సంస్థ భాగస్వామ్యం, కాబట్టి సంబంధిత పక్షమే. ఆస్తి లీజు 188లో స్పష్టంగా ఉంది. మిర్చి వ్యాపారికి కోల్డ్ స్టోరేజీ మామూలు అవసరమే గనుక మినహాయింపు మొదటి షరతు తీరవచ్చు. కానీ పక్క కోల్డ్ స్టోరేజీల కంటే అద్దె బాగా ఎక్కువైతే రెండోది తీరదు. అప్పుడు బోర్డు సమావేశంలోనే తీర్మానం చేయాలి, సర్క్యులేషన్ ద్వారా, అంటే సమావేశం లేకుండా కాగితాలు పంపి సమ్మతి తీసుకోవడం, కుదరదు. ఆ డైరెక్టరు తన ఆసక్తిని వెల్లడించి, చర్చ జరిగేటప్పుడు గదిలో ఉండకూడదు. లీజు విలువ టర్నోవరులో 10 శాతానికి చేరితే వాటాదారుల తీర్మానం కూడా ముందే కావాలి. ఇవేవీ లేకుండా సంతకాలు చేసి, 3 నెలల్లో ధ్రువీకరణ కూడా పొందకపోతే, ఆ ఒప్పందాన్ని రద్దు చేసే అవకాశం బోర్డుకో, సందర్భాన్ని బట్టి వాటాదారులకో ఉంటుంది.

అభ్యాసం: ఇదే సమస్యలో కోడలి బదులు డైరెక్టరు బావమరిదిని పెట్టి, అవిభక్త కుటుంబం లేదనుకొని, జవాబును ఒక పేజీలో రాయండి. తరువాత ఆ సంస్థను ప్రైవేటు కంపెనీగా, ఆ తరువాత పబ్లిక్ కంపెనీగా మార్చి మళ్లీ రాయండి. 188 వర్తించని చోట 166 ఇంకా వర్తిస్తుందేమో ప్రతి జవాబు చివరా పరిశీలించండి. వచ్చే పాఠంలో ఈ జవాబులను సరిచూసుకొని, స్వతంత్ర డైరెక్టరు బాధ్యత ఎంతవరకో చెప్పే 149వ సెక్షన్ 12వ ఉపసెక్షన్‌ను చదువుదాము.