ట్రాక్ వీడియోలో ఇంజన్ వినిపించింది, చివరికి!

చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై రేస్ ట్రాక్‌ మీద మొదటిసారి కారు నడిపి, తీసిన వీడియో ఇంటికొచ్చి చూస్తే ఏడుపొక్కటే తక్కువ. 3.7 కిలోమీటర్ల ల్యాప్ అంతా గాలి హోరే. పైగా డ్యాష్‌బోర్డు జెల్లీలా వణుకుతోంది.

వణుకు అద్దానికి అంటించిన పొడవాటి మౌంట్ వల్ల. కెమెరాను సీటు హెడ్‌రెస్ట్ కడ్డీలకు పొట్టి క్లాంపుతో బిగించాను. కెమెరాలో వణుకు తగ్గించే స్టెబిలైజేషన్ ఆపేశాను, అది బయటి రోడ్డును నిలకడగా చూపించబోయి కారు లోపలిని ఊపేస్తోంది. తాడు కూడా కట్టాను. ఊడి పెడల్స్ కింద పడితే వీడియో సంగతి తర్వాత!

అసలు తలనొప్పి సౌండే. కాలర్ మైక్‌కి స్పాంజి తొడిగి, డిక్కీలో సైలెన్సర్ వైపు టేపుతో అంటించి రికార్డర్‌కు కలిపాను. అయినా రికార్డర్ సౌండును తనే పెంచి తగ్గించే ఆటో లెవల్ వల్ల గేరు మార్చినప్పుడల్లా శబ్దం ఎగుడుదిగుడైంది. మాన్యువల్‌కి మార్చాను. నిలబెట్టిన కారులో రేజ్ చేసి లెవల్ పెడితే సరిపోదు, ట్రాక్‌ మీద లోడు పడితే మోత ఇంకా ఎక్కువ. ఒక ల్యాప్ నడిపి చూసుకుని, ఎంత పెద్ద మోతైనా రికార్డర్ మీటర్‌లో మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేలా (సున్నా తాకితే సౌండ్ పగిలిపోతుంది) లెవల్ తగ్గించాను.

ఇక కెమెరా వీడియోను, రికార్డర్ సౌండును కలపడానికి, బయల్దేరే ముందు కెమెరాకు కనబడేలా తలుపు ధడేల్మని వేస్తాను. ఎడిటింగ్‌లో అదే గుర్తు.