నాయకత్వ పాఠాలు – 5: చెడు కబురు చెవిన పడిన క్షణం

పోయిన పాఠంలో పని అప్పగించడం ఎలాగో చూశాం. పని అప్పగించాక "మీకేం అర్థమైందో ఒకసారి చెప్పండి" అని అడిగి, వచ్చిన జవాబు రాసుకోమన్నాను. ఆ నోట్సు తెరిచి పక్కన పెట్టుకోండి. మీరు చెప్పినదానికీ అవతలివాళ్లకు అర్థమైనదానికీ ఎంతో కొంత ఎడం కనబడే ఉంటుంది. ఎంత బాగా అప్పగించినా పనిలో ఎప్పుడో ఒకప్పుడు తేడా వస్తుంది. వచ్చాక ఆ సంగతి మీకు ఎప్పుడు తెలుస్తుంది, ఎవరి నోటి వెంట తెలుస్తుంది? ఈ పాఠమంతా దాని గురించే.

మంచి బాసు, చెడ్డ బాసు అన్న మాట వస్తే మనం కోపతాపాల గురించి, సెలవుల గురించి, మెచ్చుకోళ్ల గురించి మాట్లాడుకుంటాం. అవీ ముఖ్యమే. కానీ ఇన్నేళ్లుగా నేను గమనించినదాన్ని బట్టి, చెడు కబురు చెవిన పడ్డాక నోట్లోంచి వచ్చే మొదటి వాక్యం దగ్గరే మనిషి బయటపడతాడు. ఒకటి చూద్దాం.

సాయంత్రం నాలుగున్నర. జూనియర్ ఒకతను మేనేజర్ టేబుల్ దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"సార్, పొద్దున క్లయింటుకి పంపిన రిపోర్టులో పోయిన నెల అంకెలు వెళ్లిపోయాయి. ఇప్పుడే చూశాను."

"పంపేముందు చూసుకోవా? ఎన్నిసార్లు చెప్పాలయ్యా?"

మేనేజర్ అన్నదాంట్లో అబద్ధం లేదు. చూసుకోవాల్సిందే, చాలాసార్లు చెప్పే ఉంటారు. అయినా ఏం జరిగిందో చూడండి. కుర్రాడు తల వంచుకుని "సారీ సార్" అన్నాడు. తప్పుడు రిపోర్టు ఇంకా క్లయింటు దగ్గరే ఉంది. వాళ్లు దాన్ని తెరిచారో లేదో ఎవరూ కనుక్కోలేదు. పక్క సీట్లలో నలుగురి కళ్లు స్క్రీన్ల మీదున్నా చెవులు ఇటే ఉన్నాయి. తప్పు కనబడితే చప్పుడు కాకుండా సర్దేసుకోవాలని ఆ నలుగురూ ఆ పూటే నేర్చేసుకున్నారు.

అదే టేబుల్, అదే కబురు. ఈసారి ఇలా:

"వెంటనే చెప్పావు, మంచిదైంది. వాళ్లు తెరిచారా?"

"తెలీదు సార్."

"సరైన అంకెలు ఎంతసేపట్లో ఇవ్వగలవు?"

"పదిహేను నిమిషాలు."

"నువ్వు ఆ పని చూడు. నేను వాళ్లకి ఫోన్ చేసి ఆ ఫైలు పక్కన పెట్టమంటాను."

ఈ మేనేజర్ కూడా కోపం వచ్చే మనిషే. లోపల చిరాకు ఉండే ఉంటుంది. ఆయన చేసిందల్లా వరస మార్చడం. ముందు కబురు తెచ్చినందుకు ఒక మంచి మాట, తర్వాత నష్టం ఎంతవరకు వెళ్లిందన్న ప్రశ్న, ఆ తర్వాత ఎవరేం చేయాలన్న పంపకం. అందులో బరువైన భాగం, అంటే క్లయింటుతో మాట్లాడటం, తను తీసుకున్నాడు. తప్పెలా జరిగిందన్న మాట మర్నాడు, తలుపేసిన గదిలో. అప్పుడు తేలింది: పాత ఫైలు, కొత్త ఫైలు దాదాపు ఒకే పేరుతో ఒకే ఫోల్డర్లో ఉన్నాయి. ఎవరు పంపినా ఏదో ఒక రోజు అలాగే జరిగేది. కుర్రాణ్ణి తిడితే ఆ ఫోల్డర్ అలాగే ఉండిపోయేది.

ఇదంతా మెతకతనం అనిపించే వాళ్లకోసం ఒక పరిశోధన చెబుతాను. అమెరికాలో ఎమీ ఎడ్మండ్సన్ అనే పరిశోధకురాలు ఆసుపత్రుల్లో మందుల విషయంలో జరిగే పొరపాట్లను పరిశీలించారు. ఫలితాలు 1996లో అచ్చయ్యాయి. మంచి నాయకత్వం, మంచి సఖ్యత ఉన్న నర్సుల బృందాల్లో పొరపాట్లు తక్కువ ఉంటాయని ఆవిడ ఊహ. లెక్క తీస్తే అలాంటి బృందాల్లోనే ఎక్కువ నమోదయ్యాయి! కారణం వెతికితే, అక్కడ పొరపాట్లను దాచకుండా చెప్పుకుంటున్నారని, భయం ఉన్న చోట అవి బయటికి రావడం లేదని తేలింది. ఇది చదివినప్పటి నుంచీ "మా టీంలో సమస్యలే రావండీ" అని ఎవరైనా గర్వంగా చెబితే నాకు గుబులుగా ఉంటుంది.

కబురు సరిగ్గా చేరకపోతే ఎంత దూరం పోతుందో చూడాలంటే 1978 డిసెంబర్ 28 దగ్గరికి వెళ్లాలి. యునైటెడ్ ఎయిర్‌లైన్స్ 173వ నంబరు విమానం అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో దిగబోతుండగా చక్రాల దగ్గర ఏదో తేడా అనిపించింది. కెప్టెన్ దాని సంగతి తేల్చుకోవడంలో మునిగిపోయి దాదాపు గంటసేపు గాల్లోనే తిప్పాడు. ఇంధనం తగ్గిపోతున్న సంగతి పక్కనున్న ఇద్దరు సిబ్బందీ ఎత్తారు. కానీ "ఇప్పుడే దిగాలి" అని గట్టిగా, తేల్చి చెప్పలేకపోయారు. ఆయన చెవికీ అది ఎక్కలేదు. ఇంధనం అయిపోయి విమానం కూలింది, 10 మంది చనిపోయారు. దర్యాప్తు నివేదిక రెండు వైపులనూ వేలెత్తి చూపింది: సిబ్బంది మాటను కెప్టెన్ పట్టించుకోకపోవడం, సిబ్బంది తమ ఆందోళనను అర్థమయ్యేలా చెప్పలేకపోవడం. ఆ తర్వాతే కాక్‌పిట్‌లో కింది స్థాయి వాళ్లు ఎలా నోరు విప్పాలి, కెప్టెన్ ఎలా వినాలి అన్నది పైలట్ల శిక్షణలో భాగమైంది. వినడం కూడా నేర్పితే వచ్చే పనే అని ఆ రంగం ఒప్పుకుంది. ఈ పాఠాలు నేను రాస్తున్నది ఆ నమ్మకంతోనే.

ఇక మనం రోజూ వాడే ఒక వాక్యం సంగతి. "ఇప్పుడా చెప్పేది?" నా దృష్టిలో ఇది తిట్టుకన్నా చెడ్డది. తిట్టు తప్పు మీద పడుతుంది, ఇది చెప్పడం మీద పడుతుంది. నేను టీం లీడర్ అయిన మొదటి ఏడాది ఈ మాట ఒకమ్మాయితో అన్నాను. పని రెండు రోజులు వెనకబడిందని చెప్పడానికి వచ్చింది. రెండు వారాల తర్వాత ఇంకో పని వారం వెనకబడింది. ఆ సంగతి నాకు క్లయింటు చెప్పాడు. ఆ అమ్మాయి నా ఎదురుగానే కూర్చుంటుంది, రోజూ నాకు నమస్తే చెబుతుంది. చెప్పకపోవడానికి కారణం ఆమెలో వెతికే హక్కు నాకు లేదు.

అలాగని "ఫర్వాలేదులే, వదిలేయ్" అని నవ్వేసే బాసు మంచివాడేం కాదు. అక్కడా ఫోల్డర్ అలాగే ఉంటుంది. పొరపాటు వేరు, తెలిసి నియమం దాటడం వేరు, దాచిపెట్టడం వేరు. మొదటిదాన్ని కలిసి సరిచేయాలి. రెండోదానికి కారణం అడిగి గట్టిగా మాట్లాడాలి. మూడోదాని దగ్గర కఠినంగా ఉండండి. కానీ ఆ కఠినత్వం చెల్లాలంటే, చెప్పినవాళ్లకు మీ దగ్గర ఎప్పుడూ దెబ్బ తగల్లేదని అందరికీ తెలిసి ఉండాలి.

ఈ వారం అభ్యాసం. నోట్సులో ఒక పేజీ తీసుకుని నాలుగు గళ్లు గీయండి: కబురు ఏమిటి, వాళ్లకు ఎప్పుడు తెలిసింది, నాకు ఎప్పుడు చెప్పారు, నా మొదటి వాక్యం ఏమిటి. నాలుగో గడి ఉన్నదున్నట్టు నింపండి, అందంగా మార్చకండి. రెండో గడికీ మూడో గడికీ మధ్య ఎన్ని గంటలో లెక్కపెట్టండి. ఎవరి దగ్గర ఆ గంటలు ఎక్కువున్నాయో వాళ్లతో మీరు ఇంతకుముందు ఏమన్నారో గుర్తు చేసుకోండి.

మీటింగులో "ఏమైనా సమస్యలున్నాయా?" అని అడగడం ఈ వారం మానేయండి. దానికి అందరూ "లేవండి" అనే అంటారు. "ఈ పనిలో అన్నిటికన్నా ముందు చెడిపోయేది ఏదనుకుంటున్నారు?" అని అడగండి. అడిగాక పది సెకన్లు మీరు మాట్లాడకండి. ఆ పది సెకన్లు చాలా పొడుగ్గా ఉంటాయి, అయినా ఆగండి.

వారమంతా గడిచి ఆ పేజీ ఖాళీగా ఉంటే, అందరికన్నా కొత్తగా చేరినవాళ్లను పక్కకు పిలిచి ఇదే ప్రశ్న అడగండి. వచ్చే పాఠం నాటికి ఆ జవాబు మీ దగ్గర రాసి ఉండాలి.